శివాజీ సైటుకి ఆరో పేరు

మా కాశీబుగ్గలో శివాజీ గురించి ఒక మాట తిరుగుతోంది. బరంపురంలో ఎవరో అంకెల జ్యోతిష్కుడు ఉన్నాడనీ, ఆయన చెప్పినప్పుడల్లా శివాజీ తన వెబ్‌సైటుకి పేరు మార్చేస్తాడనీ, అందుకు ప్రతిసారీ కిలో మేలురకం జీడిపప్పు దక్షిణగా పట్టుకెళ్తాడనీ. ఇది శుద్ధ అబద్ధం. ఆ మాటని ముందు మోసింది నేనే కనక దించాల్సింది కూడా నేనే. కిలో సంగతి మాత్రం నేను చేర్చింది కాదు. నేను అరకిలో అన్నాను.

శివాజీకి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోవడం లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, బాగా నడుస్తున్నదానికి పేరు మార్చడం. నాకెలా తెలుసంటారా? అతని జిరాక్సు కొట్టు మా ఇంటికి ఎదురుగానే. మా అరుగు మీద కూర్చుంటే అతని కంప్యూటరు తెర సగం కనిపిస్తుంది. మిగతా సగానికి కుర్చీ కొంచెం జరుపుకోవాలి.

తిత్లీ తుఫాను వచ్చి వెళ్లిన వారంలో మొదలుపెట్టాడు ఆ సైటుని. తోటలన్నీ నేలమట్టం, కరెంటు లేదు. ఎక్కడో జనరేటరు దగ్గర ఫోన్లు చార్జింగు పెట్టుకుని, ఏ ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చిందో, ఏ రోడ్డు తెరిచారో, దొరికిన కబురల్లా తెచ్చి జనం అందులో పడేసేవారు. తుఫాను పోయినా అలవాటు పోలేదు. ఎక్కడో చదివిన వార్త, ఎవరో తీసిన వీడియో, ఏదైనా సరే తెచ్చి అందులో వేయొచ్చు. నచ్చితే పైబాణం నొక్కాలి, నచ్చకపోతే కిందబాణం. పైబాణాలు ఎక్కువ వచ్చింది అన్నిటికంటే పైకెక్కి కూర్చుంటుంది. మళ్లీ చూసుకోవాలనుకుంటే 'దాచుకో' అని ఒక మీట. నేను చదివింది ఐదో తరగతే, అయినా బాణాలకి చదువెందుకు? పొద్దున్న లేస్తూనే అన్నిటికీ పైబాణం నొక్కేసి గానీ పళ్లు తోముకునేదాన్ని కాదు. ఎవరినీ చిన్నబుచ్చడం నాకిష్టం ఉండదు.

మొదటి పేరు 'ఉద్దానం ఊసులు'. జనం దానికి అలవాటు పడగానే 'జీడిపిక్క' అన్నాడు. జీడిపిక్క నోటికి పట్టగానే 'పనసతొన' అన్నాడు. తర్వాత 'ఉప్పుగాలి', ఆ తర్వాత 'తాటిముంజె'. పేరు మారినప్పుడల్లా పెంటయ్య వచ్చి కొట్టు మీద బోర్డుకి రంగు వేస్తాడు. పొరల మీద పొరలు పడి ఆ బోర్డుకి ఇప్పుడు మేకు దిగదు. శివాజీ భార్య భవాని కుట్టు మిషను మీద గుడ్డసంచులు కుట్టి, పేరు అచ్చు వేయించి, వచ్చినవాళ్లందరికీ పంచుతుంది. మా వీధిలో ఎవరింటికైనా వెళ్లండి, ఉల్లిపాయలు జీడిపిక్కలో ఉంటాయి, చింతపండు ఉప్పుగాలిలో ఉంటుంది.

టెక్కలిలో యువజన సంఘం వాళ్లు ఒకసారి అతనికి సన్మానం పెట్టారు. 'పనసతొన వ్యవస్థాపకులు' అని బ్యానరు కట్టారు. శాలువా కప్పేవేళకి ఇతను పేరు మార్చేసి కూర్చున్నాడు. సన్మానపత్రం చదువుతున్నాయన పనసతొన అన్న ప్రతిచోటా ఇతను పక్కనుంచి "ఉప్పుగాలండి, ఉప్పుగాలి" అని అందిస్తూనే ఉన్నాడట. చివరికి ఆయనకి ఒళ్లు మండి, "ముందు నీ పేరైనా శివాజీయేనా?" అని అడిగాడట.

పేరు మారితే సైటు ఎలా అవుతుందో కూడా చెప్పాలి. డోర్ నంబరు మారిన ఇల్లు లాంటిదన్నమాట. పాత నంబరు పట్టుకుని వచ్చినవాళ్లకి గోడ తప్ప ఏమీ కనిపించదు. పాత సామాను కొత్తింట్లోకి తెచ్చుకోడు. అందరూ దాచుకున్నవన్నీ మాయం. వేల మంది ఉన్న సైటు తెల్లారేసరికి వందకి పడిపోతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతాడు.

"ఎందుకురా బాబూ, ఎక్కిన సెట్టు కొమ్మ నువ్వే నరుక్కుంతావు?" అని అడిగితే నవ్వేవాడు.

"అంకె కుదర్నేదు పిన్నీ."

అంతే. ఏ అంకె, ఎవరు చెప్పారు, ఏమీ లేదు. మిగతాది నేను కల్పించుకున్నాను. బరంపురం, జ్యోతిష్కుడు, అరకిలో.

ఇక మొన్న మే నెలలో ఒక శుక్రవారం సంగతి.

అప్పటికి తాటిముంజె అనే పేరు పదకొండు నెలలు నిలిచింది. అది రికార్డు. ఇరవై రెండు వేల మంది చేరారు. విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ ఆయన ప్రకటనల విషయం మాట్లాడటానికి ఆ రోజు సాయంత్రం ఐదింటికి వస్తున్నాడు. భవాని ఆ పేరుతో ఐదు వందల సంచులు కుట్టి పెట్టింది. శివాజీ చొక్కా ఇస్త్రీ చేయించి, నలగకుండా కుర్చీకి తొడిగి, తాను బనీనుతో తిరుగుతున్నాడు.

పొద్దున్న అలవాటు ప్రకారం నేను కళ్లజోడు లేకుండానే బాణాలు నొక్కేశాను. తొమ్మిదిన్నరకి అనిత ఏడుస్తూ మా గుమ్మంలోకి వచ్చింది. అనిత మా వెనక వీధి పిల్ల. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. మొగుడు డయాలసిస్ మీద ఉన్నాడు, ఇల్లు గడిచేది ఆ పిల్ల రెండు చేతుల మీదే.

"పిన్నీ, నన్ను గేటు లోపలికి రానివ్వలేదు. దొంగనంట. నాలుగింటికి ఓనరుగారు వచ్చి తేలుత్తారంట."

ఆ పిల్ల ఫోన్లో చూపించింది. ఫ్యాక్టరీ గేటు, గేటు దగ్గర అనిత, కొంగు మూట కట్టి నడుముకి దోపుకుని ఉంది. కింద రాత: 'పలాస జీడిపప్పు ఇలా కొంగుల్లో పోతోంది. ఇంకెన్నాళ్లు?' పేరు లేని ఎవడో పెట్టాడు. తాటిముంజెలో అన్నిటికంటే పైన ఉంది. నూట పన్నెండు పైబాణాలు. అందులో ఒకటి ఎవరిదో నాకు తెలుసు.

"ఆ మూటలో ఏటుందే?"

"బూడిద పిన్నీ. ఇంటి పొయ్యిలోది. పిక్కలో జీడిరసం అంటుకుంతే సేతులు కాలిపోతాయి గదా, రాసుకోడానికి పట్టుకెల్తాను."

మా అమ్మ జీవితమంతా చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొట్టింది. ఆ కడుపున పుట్టిన నాకే కొంగుమూట చూస్తే బూడిద అని తట్టలేదు. పలాసలో నూట పన్నెండు మందికి తట్టలేదు.

"ఇక్కడ తీసేత్తే మరి ఏ ఫ్యాక్టరీ గేటూ ఎక్కనివ్వరు పిన్నీ. ఓనర్లందరూ సూత్తారు ఇది" అంది అనిత.

నా బాణం వెనక్కి తీసుకున్నాను. నూట పదకొండు అయింది. ఊపిరి పీల్చుకునేలోపు నూట ఇరవై అయింది.

అనితని రెక్క పట్టుకుని ఎదురు కొట్టులోకి ఈడ్చుకెళ్లాను. శివాజీ మౌసు పట్టుకుని ఆ ఫోటోనే చూస్తున్నాడు.

"తీసెయ్యరా దాన్ని!"

"తీసేత్తే నిజం గాబట్టే తీసేసేడంతారు పిన్నీ. పైగా నలభై మంది దాచుకున్నారు, వాట్సాపుల్లో లింకు పంపేసుకున్నారు. ఒక్కటి పీకితే ఆ ఒక్కదాని గురించే మాటాడుకుంతారు."

"అయితే నిజం రాయి. బూడిదని రాయి."

రాశాడు. అనిత మూట విప్పి పట్టుకుంటే ఫోటో తీసి మరీ పెట్టాడు. ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. పది నిమిషాలకి మూడు పైబాణాలు వచ్చాయి. ఒకటి నాది, ఒకటి భవానిది. మూడోది మా ఆయన ఫోను తెచ్చి నేనే నొక్కాను. అబద్ధం అప్పటికి నూట డెబ్భై. ఆ అబద్ధం కింద జనం రాస్తున్న మాటలు అనితకి కనపడకుండా శివాజీ తెరకి అడ్డంగా నిలబడ్డాడు.

పన్నెండయింది. రెండు వందల పది. ఒంటిగంటన్నరకి ఇంకో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కూడా పైబాణం నొక్కాడు. అతని పేరు చూసి అనిత నేల మీద కూర్చుండిపోయింది. నాకు అన్నం సయించలేదు. నేను అన్నం మానడం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

రెండున్నరకి శివాజీ కుర్చీకి ఉన్న చొక్కా వంక ఒకసారి చూశాడు. తర్వాత భవాని వంక చూశాడు. భవాని ఐదు వందల సంచుల దొంతర వంక చూసింది.

"మార్చెయ్యి" అంది భవాని. "సంచులు తిరగేసి కుడతాను."

నాకు అర్థం కాలేదు. "ఏటి మారుత్తాడు? ఈ గొడవలో కూడా అంకెలేనేటి మీకు?"

"పిన్నీ, బేగా ఓ పేరు సెప్పు" అన్నాడు శివాజీ, టకటకా ఏవో నొక్కుతూ.

"పేరా! నా గుండె ఇక్కడ దడదడలాడతంటే..."

"ఏదో ఒకటి. గడువైపోతంది."

పొద్దున్న బజారు నుంచి తెచ్చిన కూరల సంచి నా కాళ్ల దగ్గర అలాగే ఉంది. అందులోకి చూసి, "మెట్టవంకాయ" అన్నాను.

మూడూ పది అయ్యేసరికి తాటిముంజె లేదు. పోయింది. ఇరవై రెండు వేల మంది, పదకొండు నెలలు, మొత్తం. మూడూ పదకొండుకి ఫోన్లు మొదలయ్యాయి. సోంపేట నుంచి ఒకాయన తిట్టాడు. సంతబొమ్మాళి నుంచి ఒకావిడ, తాను దాచుకున్న పచ్చళ్ల వీడియోలన్నీ పోయాయని శాపాలు పెట్టింది. "మెట్టవంకాయేటిరా, నీకు మతుండే సేత్తన్నావా?" అని శివాజీ సొంత బావమరిది. శివాజీ ఒక్కొక్కరికీ "అవునండి, అంకె కుదర్నేదండి" అని ఓపికగా చెబుతున్నాడు.

నాలుగింటికి నేను, అనిత ఓనరుగారి ముందు నిలబడ్డాం. ఆయన ఫోను తీసి వాట్సాపులో వచ్చిన లింకు నొక్కాడు. తెర మీద ఒకే ఒక్క ముక్క వచ్చింది: 'ఈ చిరునామాలో ఎవరూ లేరు. మేమిప్పుడు మెట్టవంకాయ.'

ఓనరుగారు దాన్ని రెండుసార్లు చదివాడు. "మెట్టవంకాయేటయ్యా?"

పక్కనున్న ఆయన సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. "ఆ శివాజీగాడికి మళ్లీ పిచ్చెక్కింది సార్. మూడింటి నుంచి ఊరంతా అదే గోల."

"ఫోటో నువ్వు తీసి పెట్టుకోలేదా?"

"దాచుకో నొక్కేను సార్."

నేను నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంతలో ఓనరుగారి ఫోను మోగింది. అవతల ఇంకో ఫ్యాక్టరీ ఓనరు. ఇద్దరూ ఐదు నిమిషాలు మెట్టవంకాయ గురించే మాట్లాడుకున్నారు. అనిత పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఫోను పెట్టేసి ఆయన అనిత వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. మూట విప్పమన్నాడు. బూడిద బల్ల మీద పడింది. ఆమెకిచ్చిన పిక్కల తూకం, ఆమె కొట్టి ఇచ్చిన పప్పు తూకం పుస్తకం తెప్పించి నెలరోజులవి సరిచూశాడు. సరిపోయాయి. ఆ పుస్తకం పొద్దున్నుంచీ పక్కగదిలోనే ఉంది. దాన్ని తెరవడానికి అంతవరకూ ఎవరికీ తీరిక దొరకలేదు.

"రేపు పనిలోకొచ్చీ" అన్నాడు. "బల్ల తుడిచెల్లు."

అనిత తుడిచింది. ఏడుస్తూ తుడిచిందో, నవ్వుతూ తుడిచిందో నేను చెప్పలేను. నా కళ్లజోడు మసకబారింది.

ఐదింటికి కంపెనీ ఆయన వచ్చి తాటిముంజె ఎక్కడ అని అడిగితే, వీధి మొదట్లో ఉండే పైడిరాజు ఆయన్ని ముంజెలమ్మే బండి దగ్గరికి తీసుకెళ్లాడట. ఆయన డజను ముంజెలు తిని విశాఖపట్నం వెళ్లిపోయాడు. ఇస్త్రీ చొక్కా ఇస్త్రీతోనే ఉంది.

మర్నాడు నేను మా ఇంట్లో ఉన్న సంచులన్నీ అరుగు మీద పరిచాను. జీడిపిక్క వచ్చిన వారం ఎవరి మాట ఊరంతా పొక్కిందో గుర్తు చేసుకున్నాను. పనసతొన వారం డొంకూరు వైపు ఎవరి వీడియో చూసి అందరం పగలబడి నవ్వామో గుర్తొచ్చింది. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. నా చేతికి ఎంత దురదగా ఉందో నాకే తెలుసు, అయినా రాయను. అనిత పేరు రాశానంటే అది అనిత రాయమంది కాబట్టి. బరంపురం సంగతి భవానిని అడిగితే ఒకటే నవ్వు. "ఆయనకి రైలు పడదు పిన్నీ. సుమ్మాదేవి స్టేషను దాటకుండానే వాంతులు."

శివాజీ కొట్టు తెరవగానే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. మెట్టవంకాయలో అప్పటికి ముప్పై ఒక్క మంది ఉన్నారు.

"ఒరే, అంకెలు, జ్యోతిష్కుడు నాకొద్దు. సూటిగా అడుగుతున్నాను, సూటిగా సెప్పు. పేరు మార్సినప్పుడల్లా ఎవరో ఒకల కోసమే గదా మార్సేవు? ఎవలెవల కోసం?"

శివాజీ జిరాక్సు మిషనులో కాగితాలు సర్దుకుంటూనే చెప్పాడు.

"మిగతావోల సంగతి నాకు తెలీదు పిన్నీ. ఓసారి మాత్రం నీ మీద పెట్టింది నువ్వు సూడకముందే పోవాలని మార్సేను. అది ఏ పేరప్పుడో, ఏటి పెట్టేరో అడక్కు, సెప్పను."