అందరూ ఇల్లు చేరాకే

భయపడటం నాకు పుట్టుకతో వచ్చింది. ఫోన్ మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాను. అలాంటిదాన్ని, ఎవరికీ అక్కర్లేని ముసలి కుక్కలను తెచ్చి, మందులు వేయించి, మంచి ఇల్లు చూసి అప్పగించే పని నెత్తికెత్తుకున్నాను. "నీకు పరేషాన్ లేకుంటే పొద్దుపోదు," అంటాడు మా ఆయన. ఆయన రోజూ సూర్యాపేట నుంచి మిర్యాలగూడలోని రైస్‌మిల్లుకు పనికి పోయి వస్తాడు.

ఆత్మకూర్ (ఎస్)లో ఒక గొర్రెలకాపరి మోకాళ్ళు పట్టేసి మంద అమ్ముకున్నాడు. ముసలి కుక్కను మాత్రం కొన్నవాళ్ళు వద్దన్నారు. అది ఖాళీ దొడ్డి ముందు నుంచి లేవడం లేదని తెలిసి వెళ్ళాను. పళ్ళు అరిగిపోయాయి, ఒక కంటికి పొర కమ్మింది. ఆటోలో ఎక్కిస్తుంటే కాపరి దాని తల నిమిరి, "గొర్లన్నీ దొడ్ల వడ్డంకనే ముద్ద ముడుతది మేడం. ఒక్కటి తక్కువున్నా తినదు," అన్నాడు. మా ఇంట్లో గొర్రెలెక్కడివి, ఆ బాధ లేదులే అనుకున్నాను.

మా ఇంట్లో అది సాయంత్రం పెట్టిన గిన్నె వైపు చూసేది కాదు. మా ఆయన వచ్చాక తినేది. ఆలస్యంగా తినే అలవాటు కాబోలు అనుకున్నాను. ఇంతలో కింద ఉండే ఓనరమ్మ పైకొచ్చింది. "ముసలి కుక్క. రేపు దాని పానం పోతే ఎవలు ఎత్తాలె? ఏదో ఒకటి సూడుండ్రి," అంది.

కోదాడలో రిటైరైన దంపతులు దొరికారు. పెద్ద ఆవరణ, మెత్తని మనుషులు. ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదని దాన్ని అప్పగించి వచ్చాను. మర్నాటి నుంచే ఫోన్లు. "మెతుకు ముట్టట్లేదమ్మా. పెరుగన్నం పెట్టాను, పాలు పోశాను. పశువుల డాక్టరు కూడా వచ్చి జబ్బేం లేదన్నాడు. నాకు భయంగా ఉంది," అంది ఆ పెద్దావిడ.

ఆమెకే భయమైతే ఇక నా సంగతి చెప్పాలా! ఆదివారం మా ఆయనను కూడా లాక్కుని కోదాడ బస్సెక్కాను. దారి పొడవునా దాన్ని నేనే చేజేతులా చంపుకున్నానని ఏడుస్తూనే ఉన్నాను. ఆయన పండ్లు కొంటానని వీధి మూల దుకాణం దగ్గర ఆగితే, నేను ఆగలేక పరుగెత్తాను.

కుక్క గేటులోనే నిలబడి ఉంది. పక్కటెముకలు తేలాయి. నా చేతులు వాసన చూసి తోక ఊపింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. తల తిప్పేసి నా వెనకనున్న రోడ్డు వైపు చూసింది. నా చేతి ముద్ద కూడా వద్దందంటే ఇక అయిపోయినట్టేననుకున్నాను.

అప్పుడు మా ఆయన అరటిపండ్లతో మూల తిరిగాడు. అది ఎదురెళ్ళి ఆయన ప్యాంటు వాసన చూసింది. మా ఇద్దరి చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగింది. తర్వాత గిన్నె దగ్గరికి పోయి, పొద్దున పెట్టిన ఎండిన పెరుగన్నం అడుగు దాకా నాకేసింది. కాపరి మాట గుర్తొచ్చి నేను అక్కడే కూలబడి, ఏడుస్తూనే పెద్దావిడకు ఆ మాట చెప్పాను.

"అయితే మా ఇద్దర్నీ లెక్కలోకే తీసుకోలేదన్నమాట!" అని పెద్దావిడ నవ్వింది.

"ఇగ దీన్ని గీడ ఇడిసిపోతే బతకది," అన్నాడు మా ఆయన.

"మరి ఓనరమ్మ?"

"ఇల్లు మారుదాం."

ముసలి కుక్క ఉందంటే ఎవరూ ఇల్లు కిరాయికి ఇవ్వలేదు. ప్రతి గుమ్మంలోనూ దాని వయసు తగ్గించి చెప్పాను. చివరికి ఊరి చివర రెండు గదులు దొరికాయి. నీళ్ళకు కరువు, దోమలకు కాదు.

మునుపు ఆయన బస్సు ఆలస్యమైతే గేటు దగ్గర నేనొక్కదాన్నే నిలబడేదాన్ని. ఇంటికొచ్చి నన్ను చూసి నవ్వేవాడు. ఇప్పుడు గేటు దగ్గర ఇద్దరం నిలబడుతున్నాం, ఆయన నవ్వడం మానేశాడు. బస్సు దొరక్కపోతే ఫోన్ చేసి, "వస్తున్ననని దానికి చెప్పు," అంటాడు.

చెప్తాను. అది నమ్మదు. నేనూ నమ్మను.