కథ చివరి ‘ఆయ్’

మా ఆవిడ రాసింది ఒక్కటే కథ. ఆమె పోయి రెండేళ్లవుతోంది. రాజమండ్రిలో నెలకోసారి కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకునే మా మిత్రులు ఆ కథను తమ సంకలనంలో వేస్తామన్నారు. ముందుమాట రాసిన రిటైర్డు లెక్చరరు గారు మొన్న ఆదివారం ఆ ముందుమాటను అందరికీ చదివి వినిపించారు.

కథ చివర భర్త గుమ్మంలో నిలబడి “వెళ్లొస్తాను” అంటాడు. లోపలి నుంచి భార్య “ఆయ్” అంటుంది. మా వైపు సరేనండి అనడానికి ఆ ముక్క చాలు.

“ఈ ఆయ్‌లో ఒక స్త్రీ జీవితమంతా మింగిన దుఃఖం ఉంది” అని మాస్టారు రాశారు.

నాకు మనసులో కలుక్కుమంది. మా ఆవిడ నవ్విందంటే పక్కింటివాళ్లు కిటికీ తీసి ఏంటని అడిగేవారు. అలాంటి మనిషి అచ్చులో ఏడుపు మనిషిగా మిగిలిపోవడం నాకిష్టం లేదు.

“దుఃఖం ఎక్కడుందండీ మాస్టారూ?” అంది బ్యాంకులో పనిచేసే ఆవిడ. “మా అత్తగారు పొద్దస్తమానం ఆయ్ అంటూనే ఉంటారు. ఆవిడకి ఏ దుఃఖమూ లేదండి, ఉన్నదంతా నాకే.”

“మీ అత్తగారు కథలో పాత్ర కాదమ్మా.”

“ఆ మాట ఆవిడ వింటే ఊరుకోరండి.”

అందరం నవ్వాం. మాస్టారు నా వైపు తిరిగారు. “మీరు చెప్పండి. ఏ ఉద్దేశంతో రాశారావిడ?”

“మిక్సీ అండి” అన్నాను. “నేను బయల్దేరే వేళకి పచ్చడి రుబ్బుతూ ఉండేది. నా మాట వినపడేది కాదు. ఏమన్నా ఆయ్ అనేసేది.”

“అయితే వినపడనిది మగాడి గొంతన్న మాట! ఇది ఇంకా లోతుగా ఉందండి” అంది బ్యాంకు ఆవిడ.

“కథలో మిక్సీ లేదు కదండీ” అన్నారు మాస్టారు నీరసంగా. నిజమే, లేదు. అయినా నా ముఖం చూసి ఆ దుఃఖం వాక్యం కొట్టేశారు. “దాని బదులు మీ మిక్సీ సంగతి రాస్తాలెండి.”

తృప్తిగా ఇంటికొచ్చి, టీ పెట్టుకుంటూ మిక్సీ వైపు చూశాను. ఒకసారి దాని మోటారు కాలిపోయి, రిపేరు షాపులో చాన్నాళ్లు ఉండిపోయింది. ఆ రోజుల్లో వంటింట్లో చప్పుడే లేదు. అప్పుడూ నేను గుమ్మంలోంచి చెప్పేవాణ్ణి. అప్పుడూ ఆమె ఆయ్ అనే అనేది.

అంటే, వింటూనే అనేది. ఏమనుకుంటూ అనేదో నాకు తెలియదు. వెళ్తే వెళ్లు మహానుభావా, అని కావచ్చు. స్టవ్ ముందు నిలబడి నవ్వుకున్నాను.

మాస్టారికి ఫోన్ చేశాను. “మిక్సీ కూడా వద్దండి. ఆ మాటకి ఏ అర్థమూ రాయకండి. అలా వదిలేయండి.”

అటువైపు టీవీ గట్టిగా మోగుతోంది.

“ఆయ్” అన్నారు.

విన్నారో లేదో.