వియ్యాలవారి ఓట్లు

మా ముయస్సర్ అక్క కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎంతటి చుట్టమైనా కిక్కురుమనకుండా తినాల్సిందే. "వద్దండీ, కడుపు నిండిపోయింది" అనే మాట ఆవిడ దగ్గర చెల్లదు. ఫర్గానా లోయలో మా ఊరు, అందులో తూత్‌జార్ మా పేట. పెళ్ళయినా, పురుడైనా, చావైనా ఆడవాళ్ళ విందు చూసుకునేది ఆవిడే. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏ వియ్యపురాలికి ముందు టీ పొయ్యాలి, ఎవరి పళ్ళెంలో మాంసం ముక్క పైకి కనబడాలి, అన్నీ ఆవిడ కనుసన్నల్లో జరగాలి. మొగుడు పోయాక ఈ పనితోనే ఒక్కగానొక్క కూతురు జుమ్రద్‌ను పెంచి, వాగు అవతల సాయ్‌బోయి పేటలో ఇచ్చింది. నేను పక్కింటిదాన్ని, టోపీలు కుట్టుకుంటాను. ఆవిడ నోటికి జడుస్తూ, ఆవిడ కాల్చిన రొట్టె తింటూ ఇన్నేళ్ళు గడిపాను.

అక్కకు ఉన్నది ఒకటే కోరిక, మా వీధికి తారురోడ్డు. వాన పడిందంటే మా వీధిలో చెప్పులు చేతికి రావాల్సిందే. ఒకసారి పెళ్ళికూతురి కారు దిగబడిపోయింది. ఆ పిల్ల తెల్ల బట్టలు మోకాళ్ళదాకా ఎత్తుకుని నడిచొచ్చింది. "ఛీ, ఏం పేటర్రా మనది! పందులకైనా ఇంతకన్నా మంచి దారి ఉంటుంది" అని మగాళ్ళందరినీ నిలబెట్టి కడిగేసింది అక్క.

ఊరిపెద్దలు ఏటా కొంత సొమ్ము పక్కనపెట్టి, దాంతో ఏ పనులు చెయ్యాలో జనాన్నే తేల్చుకోమంటారు. ప్రతి పేటా ఒక పనికి అర్జీ పెట్టాలి. రోడ్డు కావచ్చు, నీళ్ళగొట్టం కావచ్చు, బడికి పైకప్పు కావచ్చు. తర్వాత ఫోన్లలో ఓట్లు. ఒక ఫోనుకు ఒకటే ఓటు, ఏ పేట పనికైనా వేసుకోవచ్చు. ఫోనుకు వచ్చిన అంకె ఓట్లు ఎక్కించేవాళ్ళకు చదివి చెబితే చాలు, ఓటు పడిపోతుంది. ఎక్కువ ఓట్లు పడ్డ పనులకు సొమ్ము, మిగతావాళ్ళు మళ్ళీ ఏడాదిదాకా నోరు మూసుకోవాలి. ఎవరి అవసరం పెద్దదని అడిగే నాథుడు లేడు. చుట్టాలు ఎక్కువున్న పేటదే రాజ్యం.

మా పేట పెద్ద గులామ్ జాన్ వరసగా ఓడిపోయి, చివరికి అక్క గుమ్మం ఎక్కాడు.

"మావల్ల కాలేదక్కా. ఇక నువ్వే దిక్కు."

"ముందే నన్నడిగుంటే ఈపాటికి ఆ రోడ్డు మీద మీ మనవళ్ళు సైకిళ్ళు తొక్కేవాళ్ళు. మగాళ్ళు కదా, ఆడదాన్ని అడగడానికి నామోషీ!" అంది అక్క. అని వెంటనే ఒప్పేసుకుంది. నలుగురి ముందూ పొగిడితే పొంగిపోయే మనిషి.

ఏం చేసిందో తెలుసా? వియ్యాలవారిని విందుకు పిలిచింది. సాయ్‌బోయి నుంచి ఆడవాళ్ళు బస్సు నిండా దిగారు. అందరికన్నా ముందు జుమ్రద్ అత్తగారు తుర్సునాయ్, సన్నటి మనిషి, అంతకన్నా సన్నటి గొంతు. రొట్టెలు తుంచారు, టీలు తాగారు. పొగలు కక్కుతూ పులావు పళ్ళేలు వచ్చాయి. అక్క వాటిని గుమ్మంలోనే ఆపింది.

"ముందు ఫోన్లు తియ్యండమ్మా! మా రోడ్డుకు ఓటు పడితేగానీ పళ్ళెం కింద పెట్టేది లేదు."

ఇల్లంతా ఘొల్లుమంది. "అమ్మో, వియ్యపురాలు మమ్మల్ని పస్తు పెట్టేట్టుంది!" అని ఎవరో అరిచారు. తుర్సునాయ్ మాత్రం మెల్లగా, "వదినగారూ, మా పేటవాళ్ళం కూడా ఈసారి ఒక చిన్న..." అనబోయింది.

"మా ఇంట్లో కూర్చుని మీ పేట గోలేంటి వదినగారూ? ఇవాళ మీరు నా చుట్టాలు!" అని అక్క ఆవిడ భుజం మీద చెయ్యేసింది.

తుర్సునాయ్ నవ్వి, సంచిలోంచి ఫోను తీసింది. ఆవిడ తీశాక మిగతావాళ్ళు తియ్యక ఏం చేస్తారు? రొట్టె తుంచిన ఇంట్లో అడిగినదానికి కాదనడం మా వైపు లేదు. ఆ సంగతి అక్కకన్నా తెలిసినవాళ్ళెవరు? ఆవిడ బతుకుతెరువే అది!

అక్క పొయ్యి దగ్గరికి రాగానే జుమ్రద్ వెనకే పరిగెత్తుకొచ్చింది. అప్పటికి కడుపుతో ఉంది. "అమ్మా, వాళ్ళని అడక్కే. మేం నీళ్ళగొట్టానికి పెట్టాం. మా వీధిలో చుక్క రాదు, వాగు పక్క పంపు నుంచి మోసుకోవాలి, నీకు తెలుసుగా!"

"ఇష్టం లేకపోతే వాళ్ళకి నోరు లేదా? నవ్వుతూనే ఇస్తున్నారుగా! పుట్టింటి రోడ్డు బాగుపడితే గౌరవం నీక్కాదుటే?" అని అక్క గరిటె ఝాడించింది.

మా రోడ్డు గెలిచింది. సాయ్‌బోయి నీళ్ళగొట్టం కొద్దిలో పోయింది. ఆ బస్సెడు ఓట్లు వాళ్ళకే పడి ఉంటే గెలిచేదని అందరికీ తెలుసు. తారు పోసిన రోజు తుర్సునాయ్ రొట్టెలు, మిఠాయి పట్టుకుని వచ్చింది. "వీధి ఎంత ముచ్చటగా ఉందో వదినగారూ! అంతా మీ చేతి చలవ" అంది. అక్క ఆ చివరి నుంచి ఈ చివరికి ఆవిడ్ని నడిపించి మరీ చూపించింది.

చలికాలంలో జుమ్రద్‌కు కొడుకు పుట్టాడు. మనవణ్ణి చూడ్డానికి అక్క వెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. సాయ్‌బోయి వీధంతా మంచు గడ్డకట్టి ఉంది, బకెట్లలోంచి తొణికిన నీళ్ళు దాని మీద మళ్ళీ గడ్డకట్టాయి. గోడలు పట్టుకుని నడిచాం. ఇంట్లో కూర్చోగానే తుర్సునాయ్ వేణ్ణీళ్ళ కూజా, బేసిన్ తెచ్చింది, చుట్టాల చేతుల మీద పొయ్యడానికి. ఆవిడ కుడిచెయ్యి మోచేతిదాకా కట్టుకట్టి ఉంది. ఎడమచేత్తోనే కూజా వంచింది.

"ఏమైంది వదినగారూ?" అంది అక్క.

"ఏం లేదు, పంపు దగ్గర కాలు జారింది. బాలింతని పంపలేను కదా! అబ్బాయిని తెమ్మందామంటే పొద్దున్నే పనికి పోతాడు. చేతులు చాపండి వదినగారూ, చల్లారిపోతాయి."

అక్క చేతులు చాచలేదు. ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను మోచేత్తో పొడిస్తేగానీ కదల్లేదు. ఆ నీళ్ళు చేతుల మీద పడుతుంటే అక్క మొహం చూడలేకపోయాను. జుమ్రద్ పిల్లాణ్ణి ఒడిలో వేసింది గానీ తల్లి కళ్ళల్లోకి చూడలేదు. ఒక్క మాట అంటే బాగుండును. "చెప్పాను కదే" అని ఒక్క మాట! మాంసం ముక్కను కూడా అక్క వైపుకే తిప్పి పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు మా రోడ్డెక్కగానే అక్క, "తలకొట్టేసినట్టుందే" అంది. అంతే. ఆ చలికాలమంతా మళ్ళీ సాయ్‌బోయి గుమ్మం తొక్కలేదు. మనవణ్ణి చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా వెళ్ళలేదు. "ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మళ్ళీ ఆ చేత్తోనే నీళ్ళు పోస్తుంది" అనేది. పెళ్ళిళ్ళకు పిలిస్తే ఒంట్లో బాగోలేదని చెప్పి పంపేది. ఒకరోజు నేను ఊరుకోలేక, "పోనీలే అక్కా, రోడ్డయితే వచ్చిందిగా" అన్నాను. ఒంటికాలి మీద లేచింది. "రోడ్డా? అది రోడ్డు కాదే, నా వియ్యపురాలి చెయ్యి! దాని మీదే మీరంతా షికార్లు చేస్తున్నారు!" అని తలుపు నా మొహాన వేసేసింది. రెండు రోజులు నాతో మాటల్లేవు.

ఎండలు మొదలయ్యాయి. మళ్ళీ ఓట్లు వచ్చాయి. ఈసారి వీధి దీపాలకు పెట్టామని గులామ్ జాన్ పళ్ళికిలిస్తూ వచ్చాడు.

"చీకట్లో తిరుగు, నీకేం కాదు" అంది అక్క. "నేను సాయ్‌బోయికి పోతున్నా. ఇంటింటికీ తిరిగి వాళ్ళ నీళ్ళగొట్టానికి ఓట్లు వేయిస్తా. నీ ఫోను కూడా ఇటు తే!"

ఆయన నోరు తెరిచేలోపే నన్ను లాక్కుని బయల్దేరింది. నెలల తర్వాత ఆ మొహంలో మళ్ళీ కళ చూశాను. దారంతా ఒకటే వాగుడు, మా పేట చుట్టాల్లో ఎవరెవర్ని పట్టుకోవాలో, ఎవరికి ఏం వండి పెడితే లొంగుతారో. "ముందు వదినగారి కాళ్ళ మీద పడతానే, తర్వాతే టీ" అంది.

మమ్మల్ని చూడగానే తుర్సునాయ్ మొహం విచ్చుకుంది. "రండి రండి! నాకు తెలుసు మీరొస్తారని" అంటూ గోడ మీదుగా పక్కిళ్ళవాళ్ళను కేకేసింది. మేం కూర్చునేలోపే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఫోన్లు తీసి, రొట్టెల పక్కన, అక్క ముందు పెట్టారు.

"మా వాళ్ళెవర్నీ ఎక్కడా వెయ్యనివ్వలేదు వదినగారూ, మీకోసమే ఆపి ఉంచాను" అంది తుర్సునాయ్. "ఈసారి ఏం కావాలి మీకు? దీపాలట కదా?"

అక్క చేతులు అడ్డంగా ఊపింది. "నాకేం వద్దు వదినా. మీ నీళ్ళగొట్టానికి... మీ ఓట్లన్నీ మీ గొట్టానికే. మా పేటవి కూడా నేను తెస్తాను."

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జుమ్రద్ పిల్లాడి వీపు నిమురుతూ తల దించుకుంది.

"ఈ ఏడు మేం అర్జీ పెట్టలేదు వదినగారూ" అంది తుర్సునాయ్, తనే ఏదో తప్పు చేసినట్టు. "గడువు కూడా దాటిపోయింది. వియ్యాలవారితో పోటీ పడితే ఏం బాగుంటుందని మా పేటంతా అనుకున్నాం. పోయినసారి మేం పోటీకి దిగామనే మీరు రావడం మానేశారనుకున్నాం."

అక్క ఆ ఫోన్ల మీదికి వంగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తుర్సునాయ్ కంగారుపడి దగ్గరికి జరిగింది.

"అయ్యో, అదేంటి వదినగారూ! చాలవా ఇవి? వెనక వీధివాళ్ళని కూడా పిలవనా?"