వంతెన మీద పంచుకున్న నీళ్ళు

ప్రయోగశాలలో అందరూ ఆమెను సీసాలమ్మ అనేవారు. నెలకోసారి సరిహద్దు వంతెన మధ్యకు వెళ్ళి, నదిలోకి బకెట్టు దింపి, తోడిన నీళ్ళు రెండు సీసాల్లో సమానంగా పోసి, ఒకటి తాను ఉంచుకుని రెండోది అవతలి దేశపు ప్రయోగశాల ఉద్యోగికి ఇచ్చేది. ఒకే నీటిని రెండు చోట్లా పరీక్షించాలి. ఆర్నెల్లకోసారి రెండు దేశాల నిపుణులూ కూర్చుని ఆ అంకెలు పోల్చి చూడాలి. అదీ ఒప్పందం. ఆ ఉద్యోగి పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. ఇరవై రెండేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నదల్లా మూతల బిగింపు గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ. అయినా ఆమె అతన్ని అన్నయ్యా అని పిలిచేది.

ఆ ఏడు వానలు తగ్గాక యంత్రం నీళ్ళలో సీసం లీటరుకు ముప్ఫై ఒక్క మైక్రోగ్రాములని చూపించింది. పది దాటకూడదు. గొట్టాలు కడిగి మళ్ళీ మళ్ళీ చేసింది. అంతే వచ్చింది. ఎగువన, ఇవతలి గట్టునే, బ్యాటరీల కర్మాగారం ఉంది.

ప్రయోగశాల పెద్దసారు కాగితం చూసి నవ్వాడు. “సీసాలో సీసం కాక ఇంకేముంటుందమ్మా.” అంతలోనే ముఖం ముడుచుకున్నాడు. “ఎనిమిదని రాయి. పైనుంచి మాటొచ్చింది. నీకింకా మూడేళ్ళ సర్వీసుంది కదా.”

ఆమె కలం తీసింది. ఎనిమిదని రాసి సంతకం పెట్టింది.

సమావేశంలో అవతలివాళ్ళ కాగితం మీద ముప్ఫై ఒకటి ఉంది. మధ్యవర్తిగా వచ్చిన మూడో దేశపు శాస్త్రవేత్త, అవతలి యంత్రం పాతది కాబట్టి పొరపాటు అక్కడే జరిగిందని తేల్చాడు. మరుసటి నెల వంతెన మీదికి కొత్త మనిషి వచ్చాడు.

“ఆయన్ని తీసేశారండీ,” అన్నాడు సీసా అందుకుంటూ.

ఆమెకు అన్నం సయించలేదు. ఒక సెలవురోజున వంతెన దాటి, అడ్రసు కనుక్కుంటూ అతని ఇంటికి వెళ్ళింది. తడిచేతులతో అతని భార్య తలుపు తీసింది.

“సీసాలావిడ మీరేనా? రండి కూర్చోండి. ఆయనెప్పుడూ మీ మాటే చెప్పేవారు. అంకెలు తేడా వచ్చాయనగానే, ఆవిడ తప్పు రాయదు, నా చెయ్యే ఎక్కడో తడబడిందని తనే ఒప్పుకుని సంతకం పెట్టేశారు.”

కూర్చోబోతున్నదల్లా సీసాలమ్మ అలాగే నిలబడిపోయింది. లోపలిగదిలోంచి అతను వచ్చాడు. మరీ వంగిపోయాడు. తాను దొంగ అంకె రాసిన సంగతి ఆమె దాచకుండా చెప్పేసింది.

అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “మీకెంత వచ్చింది?” అన్నాడు.

“ముప్ఫై ఒకటి.”

“ఇన్నాళ్ళూ నా చేతినే అనుమానించుకున్నానమ్మా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెను కోసేసింది.

తిరిగొచ్చి ఆమె యంత్రం ఇచ్చిన అసలు కాగితాన్ని ఉత్తరంతో జతచేసి ఆ రెండు దేశాల నిపుణుల సంఘానికి పంపింది. ముగిసిన సమావేశాన్ని తిరగదోడే వీల్లేదని జవాబొచ్చింది. ఆమెను పాత ఫైళ్ళ గదికి మార్చారు. ఏడాది తిరక్కుండా, ఇకపై ఎవరి నీళ్ళు వాళ్ళే పరీక్షించుకోవాలని రెండు దేశాలూ కొత్త ఒప్పందం రాసుకున్నాయి. అతన్ని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోలేదు. కర్మాగారం నడుస్తూనే ఉంది.