వెండిచేపలు లేని ఏడాది

"మొగుడే వద్దనుకున్నదానివి, నీకు చెరువెందుకే?"

చెరువులు పంచిన రోజున, ఊరంతా వింటుండగా, పక్క చెరువు ఫాంగ్ అడిగిన మాట ఇది. అడిగించుకున్నది మాక్ లాన్-హింగ్. ఉమ్మడి సాగు కమ్యూన్ పోయి, దక్షిణ చైనాలోని షుందేలో చెరువులను ఇంటింటికీ కౌలుకిస్తున్న కాలం. అరవై దాటిన మనిషి, చీటీ తీయడానికి మగవాళ్ల వరసలో నిలబడింది.

"మొగుడికైతే నేను వండిపెట్టాలి ఫాంగన్నా. చెరువైతే అదే నాకు పెడుతుంది."

జనం నవ్వారు. ఫాంగ్ కూడా నవ్వాడు. ఆ జవాబులో సగమే నిజమని మరుసటి ఏడాది తెలిసొచ్చింది.

లాన్-హింగ్ పెళ్లినాడు పెద్దలు చుట్టాల్సిన కొప్పుముడిని తానే చుట్టుకున్న ఆడది. పట్టుదారం మిల్లుల్లో ఆడవాళ్లకు చేతినిండా కూలి దొరికిన రోజుల్లో, అలా దేవత ముందు ముడి చుట్టుకుని పెళ్లి వద్దన్నవాళ్లు అక్కడ ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. అది త్యాగమని కొందరూ, తిరుగుబాటని కొందరూ ఇప్పుడు వ్యాసాలు రాస్తున్నారు. ఆమెనడిగితే, "అత్తగారి బట్టలు ఉతకబుద్ధి కాక" అంటుంది.

కాకపోతే ఆ ముడికి ఒక షరతుంది. చుట్టుకున్నది పుట్టింట్లో కన్నుమూయకూడదు. ప్రాణం పోయే వేళకు కొట్టంలోకి మోసుకుపోతారు. అందుకే అలాంటివాళ్లు నలుగురూ కూడబెట్టుకుని సొంతంగా ఇల్లు కట్టుకునేవారు. లాన్-హింగ్ ఉన్న ఇంట్లో చివరికి మిగిలింది ఇద్దరే: ఆమె, ఆమెకన్నా చిన్నదైన యుక్-సౌ. మిల్లు ఆవిరి పీల్చి పీల్చి యుక్-సౌ ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంటి వెనక గోడ వానలకు నాని ఒరిగిపోతోంది. ఆ గోడ కూలితే యుక్-సౌకు మిగిలేది తమ్ముడి కొట్టమే. లాన్-హింగ్ చెరువు తీసుకున్నది ఆ గోడ కోసం.

గట్టు మీద మల్బరీ. ఆకు పట్టుపురుగులకు, పురుగుల పెంట చెరువుకు, చెరువు అడుగు బురద చలికాలంలో తిరిగి గట్టుకు. నీళ్లలోనూ ఇదే సంసారం. గడ్డిచేప గడ్డి మేసి పెంట వేస్తుంది. ఆ పెంటతో నీళ్లలో పచ్చటి నలుసు పుడుతుంది. దాన్ని వెండిచేప జల్లెడ పట్టినట్టు వడకట్టుకుని తింటుంది. మిగిలిందేదో అడుగున బురదచేప ఊడ్చుకుంటుంది. దీన్నే ఇప్పుడు ప్రకృతి సామరస్యం అంటూ బోర్డులు రాసి పెట్టారు. సామరస్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఒకరి పెంట ఇంకొకరికి తిండి, అంతే. ఆ తిండి అందించడానికి తట్టలు మోసి విరిగినవి మనుషుల నడుములు. బోర్డు రాసినవాళ్లు ఒక్క తట్ట బురద ఎత్తి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

చెరువులు పంచిన మరుసటి ఏడాది పట్నం పడవవాళ్లు గడ్డిచేపకు మంచి ధర పలికారు. వెండిచేపను మూతి తిప్పుకుని కొన్నారు. లాన్-హింగ్ చెరువు నిండా గడ్డిచేప పిల్లలే వేసింది.

"వెండిచేపలేవక్కా?" అంది యుక్-సౌ, దగ్గు మధ్యలో.

"ముళ్ల మూటలు. ఎవడు కొంటాడు?"

"వాటిని వేసేది అమ్ముకోడానికా? నీళ్ల కోసం కదూ?"

"నాకు చెప్పొచ్చావా? ఒక్క ఏడాదికి నీళ్లేం చెడిపోవులే. ముందు గోడ లేవనీ."

ఆమెకు తెలియక చేసిన పని కాదది. షుందేలో నడక నేర్చిన పిల్లకు కూడా ఏ చేప ఏం తింటుందో తెలుసు. తెలిసి తెలిసి, చెరువు ఒక్క ఏడాది చూసీ చూడనట్టు ఊరుకుంటుందనుకుంది.

చెరువు ఊరుకోలేదు. ఎండలు ముదిరేసరికి నీళ్లు బఠాణీ జావలా చిక్కబడ్డాయి. తినే నోరు లేక పచ్చదనం పెరిగిపోయింది. పగలు గాలి వదిలే ఆ పచ్చదనమే చీకటి పడ్డాక చేపలతో పాటు తానూ గాలి పీల్చుకుంది. ఒక తెల్లవారుజామున లాన్-హింగ్ గడ్డి తట్టతో గట్టెక్కి చూస్తే చెరువంతా మూతులే. నీటి పైకి తేలి, నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్న మూతులు. ఆమెకు ముందుగా గుర్తొచ్చింది పడుకున్నప్పటి యుక్-సౌ నోరు.

తట్ట అక్కడే పారేసి ఫాంగ్ తలుపు బాదింది.

"వెండిచేపలు కావాలన్నా. నీ చెరువులోవి."

ఫాంగ్ పళ్లపుల్ల నమిలాడు. "పెడుతుందన్నావుగా చెరువు?"

"అన్నాను. తిట్టు, కానీ నడుస్తూ తిట్టు."

"ఇప్పుడేస్తే నావీ చస్తాయి. ముందు నీళ్లు మార్చాలి."

ఆ రోజు కరెంటు లేదు. మూలనపడ్డ పాత తొక్కుడు ఏతాన్ని లాక్కొచ్చి కాలవ ఒడ్డున నిలబెట్టారు. ఫాంగ్, లాన్-హింగ్ పక్కపక్కన ఎక్కి తొక్కారు. కాసేపటికి యుక్-సౌ కూడా వచ్చి ఎక్కబోతే ఇద్దరూ ఒకే గొంతుతో కసిరారు.

"చూడు, మొగుడూ పెళ్లాల్లా అరుస్తున్నారు," అంది యుక్-సౌ.

"నోర్ముయ్," అంది లాన్-హింగ్, తొక్కుతూనే.

పొద్దెక్కేసరికి చాలా చేపలు వెల్లకిలా తేలాయి. సగానికి తక్కువే మిగిలాయి. నీళ్లు తేటపడ్డాక ఫాంగ్ తన చెరువులోంచి, అప్పటికే అరచేతికి మించి పెరిగిన వెండిచేపలను తట్టలతో మోసుకొచ్చి వదిలాడు. చలికాలం చేపలు పట్టిన రోజు డబ్బు చేతికొచ్చింది. గోడకు చాలినంత ఉంది. గోడకూ ఫాంగ్‌కూ కలిపి చాలినంత లేదు.

"ఇటుకలు కొను. నాదెక్కడికీ పోదు," అన్నాడు ఫాంగ్.

గోడ లేచింది. ఆ గోడ పక్కన, తన మంచం మీదే, మూడేళ్ల తరవాత యుక్-సౌ కన్నుమూసింది. ఎవరూ ఆమెను కొట్టంలోకి మోయలేదు.

తరవాత ఫాంగ్ పోయాడు, చెరువులూ పోయాయి. లాన్-హింగ్ చెరువు మీద ఇప్పుడు కుర్చీలు చేసే కార్ఖానా ఉంది. గుమ్మంలో కూర్చున్న ఆమెకు, చలికాలం వచ్చిందంటే, ఎండిన చెరువు బురద వాసన రాదేమా అనిపిస్తుంది. ముక్కు మూసుకుని తట్టలకెత్తిన బురదే. ఆ రోజుల్లో గట్టు మీద ఆకు కోస్తుంటే కింద చేపలు గడ్డి పీకే చప్పుడు వినిపించేది. పచ్చిగడ్డిని కత్తిరించినట్టు, చిన్న చప్పుడు. వినని వాళ్లకు చెప్పడం ఆమెకు చేతకాలేదు.

ఫాంగ్ కొడుకు పట్నం నుంచి వచ్చినప్పుడల్లా ఆమె తీర్చాల్సిన డబ్బు సంగతి ఎత్తుతుంది. అతను నవ్వేసి టీ తాగి వెళ్లిపోతాడు. వెండిచేపల డబ్బు ఇంకా బాకీనే.