కొస పట్టిన గొంతు

హూరియా పాటకి వంక పెట్టేవాళ్ళు పుకెరాతా ఊళ్ళో ఎవరూ లేరు, మాకెరె అత్త తప్ప.

మాకెరె అత్త హూరియా తండ్రికి అక్క. గడ్డం మీద నీలి పచ్చబొట్టు, చేతిలో ఎప్పుడూ దుంపలు చెక్కే కత్తి. తల్లి లేని హూరియాని సాకిందీ ఆవిడే, పాటలు నేర్పిందీ ఆవిడే. కాగితం మీద కాదు. చిలగడదుంపలు చెక్కుతూ ఒక పాదం అనేది, పిల్ల దాన్ని తిరిగి అనాలి. తప్పు పోతే నోటితో చెప్పేది కాదు, చేతిలో ఉన్న తొక్క పిల్ల మీదికి విసిరేది. పెళ్ళయి రావిరి ఇంటికి వెళ్ళేనాటికి ఆ నదిగట్టున ఉన్న పాటలన్నీ హూరియాకి నోటికొచ్చు.

అవి నలుగురూ కలిసి పాడే పాటలు. చావు జరిగినప్పుడు ఒక పెద్దమనిషి లేచి, పెట్టెలో పడుకున్న మనిషితో చెప్పాల్సిన నాలుగు మాటలూ చెబుతాడు. ఆయన ముగించగానే వెనక ఆడవాళ్ళు లేచి పాడాలి. పాడకపోతే ఆయన మాట బట్టలేని మనిషిలా నిలబడిపోతుంది. ఆ పాట మొదలుపెట్టాక తెగకూడదు. ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు పక్కవాళ్ళు పాడుతూ ఉండాలి. పాదం చివర మాత్రం అందరూ ఒక్కసారే ఆగుతారు. అప్పుడు ఒక్క గొంతు ఆ కొసని పట్టుకుని తరవాతి పాదం దాకా లాక్కెళుతుంది. ఆ గొంతు తడబడితే పక్కనున్నవాళ్ళు ఎవరైనా అందుకోవచ్చు. ఎవరూ అందుకోక పాట తెగిందా, ఆ చావుతో ఆగదు. వెనకాలే ఇంకోటి వస్తుంది. మావోరీ ఇళ్ళల్లో ఈ సంగతి పాలు మానని పిల్లలకి కూడా తెలుసు.

హూరియా కోడలై ఆ ఆడవాళ్ళ మధ్యకి రాకముందు పుకెరాతాలో కొస పేటీది. పేటీ రావిరికి పెదనాన్న కూతురు, హూరియాకి వదిన. కొత్తకోడలి గొంతు ఒక్కసారి విన్న పెద్దవాళ్ళు కొస ఆమెకిచ్చారు. పేటీ పక్కకి జరిగి నిలబడింది, అంతే.

రిపెకా పోయినప్పుడు పాట తెగింది. రిపెకా హూరియాతో కలిసి బడికి వెళ్ళిన పిల్ల, లేకలేక వచ్చిన మొదటి కాన్పులో పోయింది. ఊరందరిదీ అయిన పెద్దింట్లో శవం ముందు పాట నడుస్తుండగా, వెనక ఎవరి చేతుల్లోనో పసిగుడ్డు ఏడ్చింది. హూరియా అప్పుడు కొస మీద ఉంది. ఆ ఏడుపు వచ్చి ఆమె గొంతులో అడ్డం పడింది. రెప్పపాటు ఇంట్లో ఏ గొంతూ లేదు. తరవాత అందరూ కలిసి పాటని లేవనెత్తి పూర్తి చేశారు గానీ, పెద్దవాళ్ళు తలలు దించుకునే కూర్చున్నారు.

ఆ చలికాలమే హూరియా కొడుకు హోహెపా వల తీసుకుని నదీముఖం దాకా వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది. కుర్రాడు అవతలి గట్టున, మడచెట్ల వేళ్ళ మధ్య దొరికాడు. తల్లి అయినది శవం పక్కన కూర్చోవాలి, లేచి పాడకూడదు. కొడుక్కి ఎవరు పాడారో, కొస ఎవరు పట్టారో ఆమె చెవికి ఎక్కలేదు. నీ పాట తెగడం వల్లే పోయాడని ఆమెని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

ఏడాది తిరిగాక మళ్ళీ పాడమన్నారు. పాడింది. అప్పటినుంచి ఆమె పాట ఒక్కసారి కూడా తెగలేదు. ఎలా పాడుతుందో ఆమెకే తెలుసు. ఏడుపు దగ్గరికి వస్తున్నట్టనిపించగానే మనసుని ఇంటికి పంపించేసేది. పిండి జల్లించాలి. నిన్నటి పులుపు కలపాలి. ముద్ద మీద తడిగుడ్డ కప్పాలి. గొంతు ఇక్కడ కొస లాగుతుండేది, మనిషి అక్కడ రొట్టె చేస్తుండేది. ఎందుకంటే ఆ కొస మీద, అందరూ ఆగి తనొక్కతే మిగిలినచోట, హోహెపా వచ్చి నిలబడేవాడు. తడి బట్టలతో, గుమ్మం దగ్గర, లోపలికి రమ్మంటే వద్దామన్నట్టు. ఆమె రమ్మనేది కాదు. వాణ్ణి పిలిస్తే గొంతు పోతుంది, గొంతు పోతే ఇంకెవరో పోతారు. ఇంకా ఆనీ ఉంది. మిగిలింది ఆ ఒక్క కూతురే.

నదికి అటూ ఇటూ ఊళ్ళనుంచి మనిషిని పంపి మరీ పిలిపించుకునేవారు ఆమెని. "గాజు మీద నీళ్ళు జారినట్టు పాడుతుంది" అనేవారు. ఇంటికొచ్చి రావిరికి అన్నం పెట్టి, నది వైపు కిటికీ మూసేసి, గిన్నెలు తోముకునేది.

*

మాకెరె అత్త మంచం పట్టిన ఏడు ఆనీకి నెలలు నిండుతున్నాయి. హూరియా రోజూ పొద్దున్నే మలుగుచేప పులుసునీళ్ళు పట్టుకెళ్ళి తాగించేది.

"ఇంకో రెండు గుక్కలు తాగు అత్తా."

"గుక్కల సంగతి నాకు చెబుతావేమే? అది నీకు నేర్పిందే నేను. చెప్పు, నేను పోతే ఎవరు పాడతారు?"

"ఇంకెవరు? నేనే."

"అయితే నాకొద్దు. పేటీని పాడమను."

హూరియా చెంచా కిందపెట్టింది. "పేటీ వదినది కప్పగొంతు అన్నది నువ్వే కదా."

"అన్నాను. కప్పకి వాన కావాలి, అందుకే అరుస్తుంది. నీ పాట గోడకి సున్నం కొట్టినట్టుంటుందే పిల్లా. తెల్లగా, నున్నగా. వెనకాల ఎవరున్నారో తెలియదు. నా మీద ఆ సున్నం కొట్టకు."

"ఊళ్ళో అందరూ బాగుందంటారు."

"బతికున్నవాళ్ళంటారు. పెట్టెలో ఉన్నదాన్ని అడిగావా ఎప్పుడైనా?"

హూరియా పులుసు గిన్నె వైపే చూస్తూ మెల్లగా అంది. "తెగితే, అత్తా? ఆనీ నిండు నెలల్లో ఉంది."

ముసలావిడ పచ్చబొట్టు మీద పులుసుచుక్క పడితే తనే చేత్తో తుడుచుకుంది.

"భయమా?"

"భయమే."

"ఆ భయమే పెట్టు పాటలో. నీ దగ్గర ఏముంటే అది పెట్టు. అబద్ధం మాత్రం పెట్టకు. నచ్చకపోతే లేచిపోవడానికి నాకు కాళ్ళు కూడా ఉండవు."

వారం తిరక్కుండానే మాకెరె అత్త పోయింది.

*

పెద్దింట్లో ఆమెని పడుకోబెట్టారు. పైన చాప, పక్కన ముందు పోయినవాళ్ళ ఫోటోలు. అందులో హోహెపాదీ ఉంది. ఆడవాళ్ళంతా నల్లబట్టల్లో, తలలకి ఆకుల చుట్టలతో గోడవారన కూర్చున్నారు. వెనక మగవాళ్ళు వంటకి గొయ్యిపొయ్యి తవ్వుతున్నారు. వద్దంటున్నా ఆనీ పొట్ట పట్టుకుని వంటసాలలో పెత్తనం చేస్తోంది.

పూడ్చే రోజున ఊరి పెద్ద తామాతి తాత లేచాడు. కర్ర నేలకి తాటించి శవాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. "మాకెరె, నీ కొడవలి అడిగి తీసుకెళ్ళాను గుర్తుందా? రేపిస్తా రేపిస్తా అంటూ వచ్చాను. ఇప్పుడెవరికివ్వమంటావు? ఒక్కరోజు ఆగలేకపోయావా, నీకెప్పుడూ తొందరే." కూర్చున్నవాళ్ళు నవ్వారు, నవ్వుతూనే ముక్కులు చీదారు. ఆయన మాట ముగింపుకొస్తోందని హూరియాకి తెలుస్తోంది. పక్కనున్న పేటీ చెవిలో అంది.

"వదినా, కొస నువ్వు పట్టు."

పేటీ తల తిప్పకుండానే జవాబిచ్చింది. "భలేదానివే. నా గొంతు బావున్నన్నాళ్ళూ నువ్వుంచుకుని, దగ్గు పట్టాక నాకిస్తావా? లే."

తామాతి తాత వెనక్కి తిరిగి చూశాడు. హూరియా లేచింది. ఆమె లేస్తే అందరూ లేచారు.

మొదటి పాదం కొస అలవాటుగానే పోయింది. పిండి, పులుపు, తడిగుడ్డ. రెండోదీ అంతే. మూడో పాదం నడుస్తుండగా ఆమె చూపు అత్త ముఖం మీద పడింది. పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి, తప్పు పాడితే తొక్క విసరబోయే ముందు బిగించినట్టు. అందరూ ఆగారు. కొస ఆమె ఒక్కదాని చేతిలోకి వచ్చింది. గుమ్మం దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. ఈసారి ఆమె మనసుని ఇంటికి పంపలేదు.

రా అనుకుంది.

వాడొచ్చాడు. చలీ, నది బురదవాసనా, ఇన్నేళ్ళుగా బయట నిలబెట్టిన కోపమూ అన్నీ తెచ్చుకుని వచ్చాడు. హూరియా గొంతు వణికింది, బొంగురుపోయింది, అరుపులా లేచింది. అది పాటలా లేదు. పొలంలో దూడ కోసం ఆవు పెట్టే అరుపులా ఉంది. కూర్చున్నవాళ్ళలో ఎవరో "అమ్మా" అన్నారు. ఆ పైన గొంతు పూర్తిగా మూసుకుపోయింది.

కానీ కొస కిందపడలేదు. దాని కింద గరగరమంటూ ఇంకో గొంతు ఉంది. ఊపిరి పీల్చుకోవాల్సిన చోట పేటీ పీల్చుకోలేదు. కళ్ళు ఎర్రబడి, మెడనరాలు ఉబ్బి, ఉన్న దమ్మంతా పెట్టి ఆ కప్పగొంతు కొసని లాక్కెళ్ళి నాలుగో పాదంలో పడేసింది. అందరూ అందుకున్నారు. హూరియా ఏడుస్తూనే పాడింది. చివరిదాకా ఒక్క కొస కూడా నున్నగా రాలేదు.

శ్మశానంనుంచి బయటికొస్తూ గేటు దగ్గర నీళ్ళతో చేతులు కడుక్కుంటున్నప్పుడు, హూరియా తామాతి తాతని అడిగింది. "తెగిందా, తాతా?"

"మోకాళ్ళ మీద పడింది. లేచి నడిచింది" అన్నాడాయన. "మాకెరె పాట అంటే అట్లాగే ఉండాలి. పద, ఆకలేస్తోంది."

*

భోజనాలయ్యాక వంటసాలలో ఇద్దరే మిగిలారు. పేటీ కడుగుతోంది, హూరియా తుడుస్తోంది.

"వదినా, నువ్వు పట్టుకోకపోతే ఇవాళ..."

"పొగడకు." పేటీ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "రిపెకా పోయిన రోజు కూడా నీ పక్కనే ఉన్నాను."

"అవును."

"నీ గొంతు పూడుకోవడం అందరికంటే ముందు నాకే వినబడింది. ఆ రోజు నా దగ్గర ఊపిరుంది, హూరియా. కావలసినంత ఉంది. నా కొస తీసుకున్నది ఒక్కసారి పడితే పడనీలే అనుకున్నాను. అంతే అనుకున్నాను. ఆ తరవాత మీవాడు..." ఆమె కప్పు తీసి మళ్ళీ నీళ్ళలో ముంచింది. "వాడికి కొస పట్టింది నేనే. నీకు తెలియదు. ఆ రోజు దాచుకున్న గొంతుతోనే పట్టాను."

హూరియా చేతిలో పళ్ళెం ఎప్పుడో ఆరిపోయింది. ఇంకా తుడుస్తూనే ఉంది. తరవాత దాన్ని మిగతావాటి మీద పెట్టి, గుడ్డ తీగ మీద ఆరేసి, ఇంటికి వెళ్ళిపోయింది.

పేటీతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే తల పక్కకి తిప్పుకునేది. రావిరి అడిగితే "ఏం లేదు" అంది. రాత్రుళ్ళు ఆనీ పక్క మీద మసిలితే చాలు, లేచి కూర్చునేది. పాట పడిందా, నడిచిందా? తాత ఆకలి మీద అన్నాడా, నిజంగా అన్నాడా? తన తప్పనుకుని ఇన్నేళ్ళు మోసిన బరువులో సగం ఇంకొకరిదని తెలిసినా, బరువు తగ్గలేదు. మోసేవాళ్ళు ఇద్దరయ్యారు, అంతే.

ఆనీకి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినబడుతోందని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. హూరియా నవ్వలేదు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఆ ఏడుపు ఎక్కడ ఆగి ఎక్కడ మళ్ళీ అందుకుంటుందో వింటూ చాలాసేపు కూర్చుంది. తరవాత పిల్లని ఆనీకిచ్చి, శాలువా కప్పుకుని, పేటీ ఇంటికి వెళ్ళింది.

పేటీ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మరదలిని చూసి, నోట్లో ఉన్న క్లిప్పు తీసి చేత్తో పట్టుకుంది.

"రా" అంది హూరియా.

పేటీ క్లిప్పు తీగకి పెట్టి వెనకాల నడిచింది.

హోహెపా సమాధి గట్టు మీద, నది కనబడేచోట ఉంది. గాలికి గడ్డి పడుకుని లేస్తోంది. హూరియా నేల మీద కూర్చుంది. పేటీ రెండడుగుల వెనక నిలబడింది, పాడేటప్పుడు నిలబడే చోట.

హూరియా ఎత్తుకుంది. కొడుక్కి ఇంతవరకు పాడని పాట. రెండో పాదం కొసకి రాగానే గొంతు పోయింది. వెనక పేటీ ఊపిరి తీసి అందుకోబోయింది. హూరియా తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది.

పాట తెగింది. గట్టు మీద ఏ గొంతూ లేదు. హూరియా ఆ ఖాళీలో కూర్చుంది, తొందరపడలేదు. వాడు ఎంతసేపు ఉంటే అంతసేపు ఉండనిచ్చింది. వెనక పేటీ ఏడుస్తున్నట్టు తెలుస్తోంది, ఓదార్చడానికి లేవలేదు.

తరవాత కళ్ళు తుడుచుకుని, పాటని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.