శ్రీశైలం దారిలో బాలమ్మ డబ్బా

కబురు మొదట తెచ్చింది ఖాజా భాయ్. చాంద్రాయణగుట్టలో మా పాల కొట్టు గేదెలకు అచ్చంపేట వైపు నుంచి వ్యాన్‌లో గడ్డి తెచ్చేది ఆయనే. ఆ రోజు మోపులు దించుతూ, "అమ్మా, మన్ననూరు దగ్గర రోడ్డు పెద్దగ చేస్తున్రు. పక్కన హోటళ్లన్నీ సాఫ్. మీ రొట్టెలామె గుడిసె సుత తీస్తరంట. జల్ది పోండ్రి" అన్నాడు.

మూడేళ్ల కిందట శ్రీశైలం పోతుంటే మన్ననూరుకు ఇవతలి మలుపులో మా బస్సు చెడిపోయింది. మా ఆయనకు షుగర్ పడిపోయింది. చెమటలు పట్టి, మాట తడబడింది. తాగాడనుకుని జనం పక్కకు జరిగారు. రోడ్డు పక్కన రొట్టెలు కాలుస్తున్న ఒకామె మాత్రం లేచి వచ్చి, ఆయన తల పట్టుకుని బెల్లం నీళ్లు తాగించింది. బస్సు కదిలే ముందు నాలుగు జొన్నరొట్టెలు స్టీలు డబ్బాలో పెట్టి నా ఒడిలో ఉంచింది. ఆ కంగారులో పేరైనా అడగలేదు. ఇంటికి వచ్చాక మూత మీద చెక్కించిన పేరు చదివాను: బాలమ్మ. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలే నాకున్న చదువు. ఆ రోజు మల్లన్నకూ, మా నాన్నకూ, ఆమెకూ దండం పెట్టుకున్నాను.

ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది మా ఇంటి పద్ధతి. మరుసటి ఏడు ఆ దారినే పోయినప్పుడు డబ్బా సంచిలోనే ఉంది. ఏమీ నింపలేదన్న సిగ్గుతో బస్సు దిగలేదు. ఆ పై ఏడు సకినాలు నింపాను. బంధువుల కారులో పోయాం. డిండిలో చేపల దగ్గర ఆలస్యమై, రాత్రికి అడవి గేటు మూసే వేళయిందని మలుపులో ఆపనే లేదు. "ఇంకేం పోసి ఇస్తవే, బంగారమా?" అని మా ఆయన ఎగతాళి చేసేవారు.

ఖాజా భాయ్ జల్ది అన్నా, నాకు నాలుగు రోజులు పట్టింది. ఆమె తాగించింది బెల్లం గనుక బెల్లంతోనే ఇవ్వాలనుకున్నాను. నువ్వులు కడిగి, ఎండబెట్టి, వేయించి ఉండలు చేశాను.

శనివారం ఉదయం 6:10కి చాంద్రాయణగుట్టలో శ్రీశైలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం గనుక ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్టు. మా ఆయన టికెట్టు కొన్నారు.

7:20కి కడ్తాల దగ్గర మైసమ్మ గుడి. అక్కడ ఆగని బండి ఉండదు. మా డ్రైవరూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ ధర ఎక్కువ. 8:20కి కొట్ర చౌరస్తాలో టిఫిన్. ఇడ్లీ మెత్తగా ఉంది, పల్లీ చట్నీ ఇంకా బాగుంది. పది నిమిషాలని చెప్పి అరగంట ఆపారు.

"ఫికర్ చెయ్యకు. మూడేండ్లు ఉన్నది, ఇంకో అర్ధగంట ఉండదా?" అన్నారు మా ఆయన.

9:30కి డిండి. జలాశయం నిండుగా ఉంది. ఒడ్డున వరుసగా చేపలు వేయించే కొట్లు. పక్క సీటు అమ్మాయి పొట్లం చాపి, "తినక్కా, గింత దూరమొచ్చి చేప తినవా?" అంది.

"శనివారం తల్లీ."

"గట్లైతే నీ వంతు సుత నేనే తింట" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, కళ్లు మాత్రం డ్రైవర్ మీదే ఉన్నాయి.

10:45కి కండక్టర్ మమ్మల్ని ఆ మలుపులో దించాడు. గుడిసె లేదు. మూడు పొయ్యి రాళ్లు, మసి, పక్కన కంకర కుప్ప ఉన్నాయి. కాస్త దూరంలో సీతాఫలాలు అమ్ముతున్న ఆమెను అడిగాను.

"బాలమ్మనా? మొన్ననే పోయింది గదమ్మా. బిడ్డ, అల్లుడు బెంగుళూరు దిక్కు కూలికి పోయిన్రు. ఆడికే."

"ఫోన్ నంబరు ఉందా?"

"ఆమెకేడిది ఫోను!" అని, నా చేతిలోకి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మ, గీ డబ్బా తెచ్చినవా? మస్తు మందికి ఇచ్చిందమ్మా. ఒక్కరు సుత వాపసు తేలే. డబ్బాలన్నీ అయిపోయి మోదుగాకుల్ల కట్టిచ్చేది. ఖాళీగ తెచ్చినా సాలు, ఇంకొగలకు పెట్టియ్యొచ్చు అనేది."

మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు.

ఉండలు ఆమెకూ, కంకర మోసే కూలీలకూ పంచాను. బాలమ్మ వస్తే ఇమ్మని డబ్బా పండ్లామె దగ్గరే ఉంచబోతే, "నేను సుత రేపటి సంది ఈడ ఉండ" అంది. నేను కొనకపోయినా రెండు పండ్లు అందులో పెట్టింది. "ఖాళీగ తీస్కపోవద్దు."

ఒంటిగంట బస్సుకు తిరిగి బయలుదేరాం. బస్సు మళ్లీ డిండిలో, కొట్రలో, మైసమ్మ దగ్గర ఆగింది. నేను దిగలేదు. మా ఆయన సీతాఫలం ఒలిచి సగం నాకిచ్చారు. ఆ మనిషి నా పక్కన కూర్చుని పండు తింటున్నారంటే అది బాలమ్మ పెట్టిన భిక్షే. ఆ మాట ఆమె ముందు నిలబడి చెప్పడానికి నాకు మూడేళ్లు చాలలేదు.

బెంగుళూరు వైపు పోయేవారు ఎవరైనా, రోడ్డు పక్క జొన్నరొట్టెలు కాల్చే ఆమె కనిపిస్తే పేరు అడగండి. బాలమ్మ అంటే, ఆమె డబ్బా చాంద్రాయణగుట్టలో భద్రంగా ఉందని చెప్పండి. కనిపించకపోయినా, మీ దేవుడి ముందు నిలబడినప్పుడు ఒక్కసారి ఆ పేరు తలుచుకోండి.